వాటాలకొచ్చిన మనుషులు

*అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు. ఆ దేశాన్ని నిలబెట్టిన కుటుంబాల పాత వీలునామాల్లో ఇళ్ళు, పొలాలు, వెండి సామానుతో పాటు మనుషుల పేర్లూ ఉన్నాయి.*

1799 డిసెంబరు 14. వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్ భవనం. మేడమీది పడకగదిలో జార్జ్ వాషింగ్టన్‌కి ఊపిరి అందడం లేదు. గొంతు పూడుకుపోయింది. విడతలు విడతలుగా నెత్తురు తీసినా గుణం కనిపించలేదు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఆయన భార్య మార్తాను దగ్గరికి పిలిపించుకుని, కింద తన గదిలో రెండు వీలునామాలున్నాయి, తెమ్మన్నాడు. తెచ్చాక రెండూ చూసి, ఒకటి ఇక పనికిరాదు, కాల్చేయమన్నాడు. ఆమె దాన్ని మంటలో వేసి రెండోదాన్ని భద్రపరిచింది. ఆ రాత్రి పది దాటాక ఆయన కన్నుమూశాడు.

మంటల పాలు కాకుండా మిగిలింది, ఆ ఏడాది జూలైలో ఆయన స్వదస్తూరితో రాసుకున్న 29 పేజీల వీలునామా. తన పేరున ఉన్న బానిసలందరినీ భార్య తదనంతరం విడిచిపెట్టాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ చివరి ఘడియల్లో గదిలో నలుగురు బానిసలున్నారు. క్రిస్టఫర్ షీల్స్ అనే యువకుడు పొద్దుటినుంచీ మంచం పక్కనే నిలబడి ఉంటే, దొరే చూసి కూర్చోమన్నాడు. కరొలైన్, మాలీ, షార్లెట్ అనే ముగ్గురు స్త్రీలు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ వీలునామా ఈ నలుగురిలో ఒక్కరికీ వర్తించదు. ఎందుకంటే వాళ్ళు వాషింగ్టన్ ఆస్తి కాదు. మార్తా మొదటి భర్త, 42 ఏళ్ళ కిందట చనిపోయిన డేనియల్ పార్క్ కస్టిస్ ఎస్టేటు తాలూకు ఆస్తి.

2026 జూలై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్ళు. 2025 మార్చిలో చరిత్ర ప్రదర్శనల గురించి అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పటినుంచి, మ్యూజియాల్లో, జాతీయ చారిత్రక స్థలాల్లో బానిసత్వం గురించి ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అనే వాదన అక్కడ ముదిరింది. దేశ నిర్మాతలు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అన్న దగ్గరే ఆ వాదన చాలాసార్లు ఆగిపోతోంది. వాళ్ళు రాసిన, రాయకుండా పోయిన వీలునామాలు అంతకన్నా పెద్ద సంగతి చెబుతాయి. బానిసత్వం అనగానే మనకు ఓడలు, పత్తి చేలు, కొరడాలు గుర్తొస్తాయి. కానీ దాన్ని తరం నుంచి తరానికి అందించింది ఇల్లు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, అన్నదమ్ముల పంపకాల్లో అది చేతులు మారింది. స్వేచ్ఛ ఇచ్చిన వీలునామాలో కూడా భార్య, పిల్లలు, మనవలు, అప్పులవాళ్ళు అందరి హక్కులూ తీరాకే ఆ స్వేచ్ఛకు వంతు వచ్చేది. దయగల దొరలు చాలామందే ఉండొచ్చు. వాళ్ళ దయను కూడా కుటుంబ ఆస్తి లెక్కే శాసించింది.

తల్లి కడుపులోనే నిర్ణయం

ఇంగ్లండు ఆచారంలో బిడ్డకు తండ్రి హోదా వస్తుంది. వర్జీనియాలో ఆంగ్లేయుడైన తండ్రికి, ఆఫ్రికన్ తల్లికి పుట్టిన ఎలిజబెత్ కీ అనే స్త్రీ 1650లలో ఈ ఆచారాన్నే పట్టుకుని కోర్టుకెక్కి, స్వేచ్ఛ సంపాదించుకుంది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే, 1662లో, అక్కడి శాసనసభ నియమాన్ని తలకిందులు చేసింది. బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని చట్టం తెచ్చింది. దీంతో యజమానికి బానిస స్త్రీ వల్ల కలిగిన బిడ్డ కూడా అతని ఆస్తిలోనే చేరాడు. 1705లో మరో చట్టం, వారసత్వం విషయంలో బానిసలను భూమితో సమానమైన స్థిరాస్తిగా లెక్కగట్టింది. ఇక వీలునామాలు రాసేవాళ్ళు ఒక స్త్రీని కూతురికి ఇస్తూ, ఆమెకు ముందుముందు పుట్టబోయే సంతానాన్ని కూడా కలిపి రాసేవారు. కడుపున పడని బిడ్డకు సైతం హక్కుదారు ముందే సిద్ధంగా ఉన్నాడు.

యజమాని చనిపోతే కోర్టు ఇరుగుపొరుగు పెద్దల్ని కొందరిని ఆస్తి విలువ కట్టడానికి పంపేది. వాళ్ళు గదులు, కొట్టాలు, పాకలు తిరిగి పరుపులు, కుండలు, నాగళ్ళు, గుర్రాలు, ఆవులు, మనుషులు అన్నీ ఒకే జాబితాలో ఎక్కించి, ఎదురుగా ధర వేసేవారు. పనిచేసే వయసున్నవాడికి ఎక్కువ ధర. పొత్తిళ్ళలోని బిడ్డకూ కొంత ధర. ముసలివాళ్ళ పేరు ఎదురుగా తరచుగా సున్నా. ఆ తర్వాత సమాన విలువ వచ్చేలా వాటాలు వేసి, చాలాచోట్ల చీట్లు తీసేవారు. ఎచ్చుతగ్గులుంటే డబ్బుతో సర్దుకునేవారు.

ఇది అవతలివైపు నుంచి ఎలా ఉండేదో చెప్పినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండ్‌లో అతని యజమాని ఆరన్ ఆంథొనీ 1826లో వీలునామా రాయకుండా పోయాడు. బాల్టిమోర్‌లో ఉన్న తొమ్మిదేళ్ళ డగ్లస్‌ను కూడా విలువ కట్టడానికి వెనక్కి రప్పించారు. గుర్రాలు, గొర్రెలు, పందులతో పాటు ఆడామగా, పిల్లాజెల్లా అందరినీ నిలబెట్టి పరీక్షించారని 1845లో అచ్చయిన ఆత్మకథలో రాశాడు. పిల్లలందరి గుండెల్లోనూ ఒకటే భయం. యజమాని కొడుకు ఆండ్రూ వాటాకు పోతామేమోనని. అంతకు కొద్దిరోజుల ముందే ఆండ్రూ, డగ్లస్ తమ్ముణ్ణి గొంతు పట్టి నేలకేసి, బూటు మడమతో తల తొక్కాడు. ముక్కు చెవుల నుంచి నెత్తురు కారింది. డగ్లస్ మాత్రం యజమాని కూతురు లుక్రీషియా వాటాకు వచ్చాడు. బాల్టిమోర్‌కి తిరిగి వెళ్ళాడు, చదువు నేర్చుకున్నాడు, పారిపోయాడు, ఆ శతాబ్దపు గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు. ఆండ్రూ వాటాలో పడ్డవాళ్ళకు ఆ దారి లేకపోయింది.

అమ్మాయికి అరణం

పెద్ద ఎస్టేట్ల పంపకాల్లో తరచుగా కనబడే పద్ధతి ఒకటుంది: భూములు కొడుకులకు, బానిసలు కూతుళ్ళకు. అత్తారింటికి వెళ్ళే పిల్లతో కదిలి వెళ్ళగల ఆస్తి బానిసలే. తెలుగు కథల్లో రాచకన్య వెంట అరణపు దాసీలు వెళ్ళినట్టు, వర్జీనియా, కరొలైనా ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట పదేళ్ళ పిల్లలు వెళ్ళారు. ఆ పిల్లల తల్లులు ఆ ఇంటి వంటగదిలోనే మిగిలిపోయారు. బానిసత్వం మగవాళ్ళ వ్యాపారమని, ఆడవాళ్ళు పక్కనుంచి చూశారని చాలాకాలం చెప్పుకున్న మాట ఈ కాగితాల ముందు నిలవదు. పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కు ఇచ్చిన తొలి అమెరికన్ చట్టాల్లో ఒకటి 1839లో మిసిసిపీలో వచ్చింది. అందులో అధికభాగం ఆమె బానిసల గురించే.

నార్త్ కరొలైనాలోని ఈడెంటన్‌లో హారియట్ జేకబ్స్ కథ ఇంకా దగ్గరగా చూడాల్సింది. ఆమె యజమానురాలు మార్గరెట్ హార్నిబ్లో, ఆ పిల్లకు చదువు, కుట్టుపని నేర్పింది. 1825లో ఆమె చనిపోతే, 12 ఏళ్ళ హారియట్‌కి స్వేచ్ఛ రాసే ఉంటుందని చుట్టుపక్కలవాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే వీలునామాకు చేర్చిన అనుబంధ పత్రంలో ఆమెను మార్గరెట్ సోదరి కూతురికి ఇచ్చేశారు. ఆ పిల్ల వయసు మూడేళ్ళు. దానికి సాక్షి సంతకం పెట్టిన డాక్టర్ జేమ్స్ నార్కమ్ ఆ పసిపిల్ల తండ్రి. పిల్ల పేరున వచ్చిన ఆస్తి తండ్రి ఇంట్లో ఉండాలి కదా. ఆ ఇంట్లో నార్కమ్ హారియట్‌ను ఏళ్ళ తరబడి లైంగికంగా వేధించాడు. ఆమె తప్పించుకుని అమ్మమ్మ ఇంటి చూరు కింద, నిలబడడానికి కూడా వీల్లేని అటక మీద దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. 1842లో ఉత్తరాదికి చేరింది. అప్పటికీ ఆమెపై హక్కు నార్కమ్ కూతురిదే. పెరిగి పెళ్ళయిన ఆ కూతురు భర్తతో 1852లో న్యూయార్క్ వచ్చింది, తన ఆస్తిని పట్టుకుపోవడానికి. ఒక స్నేహితురాలు 300 డాలర్లు చెల్లించి హారియట్‌ను విడిపించింది.

1861లో అచ్చయిన హారియట్ పుస్తకంలో ఆమె అమ్మమ్మ సంగతి ఉంది. ఇంటి పనంతా అయ్యాక రాత్రుళ్ళు బిస్కట్లు కాల్చి అమ్మి, పిల్లల్ని కొనుక్కోవాలని అమ్మమ్మ 300 డాలర్లు కూడబెట్టింది. యజమానురాలు ఆ డబ్బు అప్పుగా తీసుకుంది. ఆమె చనిపోయాక అడిగితే, ఆ అప్పు తీర్చడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఆ డబ్బుతో కొన్న వెండి దీపపు సెమ్మె మాత్రం వంశపారంపర్యంగా ఆ ఇంటి వారసులకు దక్కుతుందని హారియట్ రాసింది.

▌మౌంట్ వెర్నన్ లెక్క, 1799
▌అక్కడున్న బానిసలు: 317
▌వాషింగ్టన్ సొంతం: 123
▌కస్టిస్ ఎస్టేటువారు: 153
▌ఇతరుల నుంచి తెచ్చుకున్నవారు: 41

మూడో వంతు

మౌంట్ వెర్నన్‌లో ముడి ఎక్కడ పడిందో చూద్దాం. డేనియల్ కస్టిస్ 1757లో వీలునామా లేకుండా పోయాడు. చట్టం ప్రకారం మార్తాకు అతని బానిసల్లో మూడో వంతు దక్కింది. అయితే అది అనుభవించే హక్కు మాత్రమే. ఆమె యావజ్జీవం వాడుకోవచ్చు, అమ్మకూడదు, విడిచిపెట్టకూడదు. తదనంతరం కస్టిస్ వారసులకు చేరాలి. 1759లో ఆమెను పెళ్ళి చేసుకున్న వాషింగ్టన్‌కీ అంతే. అప్పటికి 80 మందికి పైగా ఉన్న ఆ వాటా నలభై ఏళ్ళలో పుట్టిన బిడ్డలతో పెరిగి 153 అయింది. ఈలోగా ఇటు వాళ్ళు అటు వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. తండ్రి వాషింగ్టన్ మనిషి, తల్లి కస్టిస్ మనిషి అయితే 1662 చట్టం ప్రకారం బిడ్డలందరూ కస్టిస్ మనుషులే. తాను ఇచ్చే స్వేచ్ఛ ఈ కుటుంబాలను చీలుస్తుందని వాషింగ్టన్‌కి తెలుసు. ఆ బాధాకరమైన సంగతిని వీలునామాలోనే రాశాడు, భార్య తదనంతరం విడుదల అనడానికి దాన్నే కారణంగా చూపాడు.

మరణం మీద ఆధారపడ్డ స్వేచ్ఛ ఎంత భయంకరమైందో మార్తాకు త్వరలోనే అర్థమైంది. వందమందికి పైగా మనుషుల విడుదల తన చావుతో ముడిపడి ఉంది. తన ప్రాణానికి భద్రత లేదని ఆమె అనుకుంటున్నట్టు, ఆ ఇంటికి వచ్చిన అబిగైల్ ఆడమ్స్ ఉత్తరంలో రాసింది. 1801 జనవరి 1న మార్తా వాళ్ళను విడిచిపెట్టింది. 1802 మేలో ఆమె చనిపోయాక కస్టిస్ ఎస్టేటు మనుషులను నలుగురు మనవలకు పంచారు. తన సొంత హక్కులో ఉన్న ఎలైషా అనే ఒకే ఒక్కణ్ణి విడిచిపెట్టే అధికారం మార్తాకు ఉండేది. ఆమె అతణ్ణి మనవడికి రాసిచ్చింది.

వంటవాడు హెర్క్యులస్ కథ ఈ చీలికకు నిలువెత్తు ఉదాహరణ. 1797 ఫిబ్రవరి 22న, వాషింగ్టన్ పుట్టినరోజునే, మౌంట్ వెర్నన్ నుంచి పారిపోయాడు. వాషింగ్టన్ ఆస్తి కాబట్టి 1801లో చట్టరీత్యా కూడా స్వతంత్రుడయ్యాడు. అతని భార్య కస్టిస్ మనిషి. కనుక పిల్లలు బానిసలుగానే ఉండిపోయారు. 1796లో ఫిలడెల్ఫియా నుంచి పారిపోయిన ఓనా జడ్జ్ కూడా కస్టిస్ మనిషే. తనను మార్తా మనవరాలి పెళ్ళికి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసి వెళ్ళిపోయింది. 1848లో న్యూహ్యాంప్‌షైర్‌లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో ఆమె ఆ ఎస్టేటు ఆస్తే. అక్కడ ఆమె కన్న పిల్లలూ అంతే.

ఈ దారం అక్కడితో తెగలేదు. ఎలైషాను పొందిన ఆ మనవడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్ ఆర్లింగ్టన్‌లో భవంతి కట్టాడు. 1857లో చనిపోతూ దాదాపు 200 మంది బానిసలను అయిదేళ్ళలోగా విడిచిపెట్టాలని రాశాడు. అదే వీలునామాలో నలుగురు మనవరాళ్ళకు తలా 10,000 డాలర్లు ఇవ్వాలని కూడా రాశాడు. అమలు చేసే బాధ్యత అల్లుడిది. అతనే తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలను నడిపిన రాబర్ట్ ఇ. లీ. మనవరాళ్ళ డబ్బు బానిసల చెమటతోనే కూడాలి కాబట్టి లీ అయిదేళ్ళ గడువు చివరిదాకా పని చేయించాడు. దొర పోగానే మీరు స్వతంత్రులని తమకు చెప్పారని, ఆ బానిసల్లో ఒకడైన వెస్లీ నారిస్ తర్వాత వాంగ్మూలమిచ్చాడు. 1859లో అతను, అతని సోదరి పారిపోయి దొరికిపోతే కొరడా దెబ్బలు కొట్టించి, గాయాల మీద ఉప్పునీళ్ళు పోయించారని కూడా అందులో ఉంది. 1862 డిసెంబరు 29న లీ విడుదల పత్రం మీద సంతకం చేశాడు. మూడు రోజులకు అధ్యక్షుడు లింకన్ బానిస విమోచన ప్రకటన అమల్లోకి వచ్చింది.

అప్పులవాళ్ళు ముందు

స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్‌కి 1773లో మామ జాన్ వేల్స్ నుంచి 135 మంది బానిసలు, పెద్ద అప్పు కలిసి వచ్చాయి. వచ్చినవాళ్ళలో శాలీ హెమింగ్స్ అనే పసిపిల్ల ఉంది. ఆమె వేల్స్ బిడ్డే, అంటే జెఫర్సన్ భార్యకు తండ్రివైపు చెల్లెలు. అక్కకు చెల్లెలు వారసత్వంగా వచ్చింది. 1826 జూలై 4న జెఫర్సన్ చనిపోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. వీలునామాలో అయిదుగురికి స్వేచ్ఛ ఇచ్చాడు. అందులో శాలీ కొడుకులు ఇద్దరు. 1827 జనవరిలో ఆయన ఎస్టేటు మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. స్వేచ్ఛ పొందిన కమ్మరి జో ఫాసెట్ భార్య ఈడిత్, పిల్లలు ఆ వేలంలో ఉన్నారు. జో తర్వాతి పదేళ్ళలో కమ్మరి పనిచేసి భార్యను, కొందరు పిల్లల్ని కొనుక్కోగలిగాడు. 11 ఏళ్ళ పీటర్ పరాయి చేతుల్లో ఉండిపోయి, రెండు దశాబ్దాల తర్వాత బయటపడ్డాడు.

మాంటిచెల్లో అరుదైన ఘటన కాదు. సౌత్ కరొలైనా కోర్టు రికార్డులు తిరగేసిన థామస్ రసెల్ అనే పరిశోధకుడి అంచనాలో, అక్కడ జరిగిన బానిసల అమ్మకాల్లో దాదాపు సగం కోర్టు ఆదేశంతోనో పర్యవేక్షణలోనో జరిగినవే: అప్పుల జప్తులు, చనిపోయినవాళ్ళ ఆస్తుల పరిష్కారాలు. బానిస కుటుంబానికి క్రూరుడైన యజమాని ఎంత ప్రమాదమో, మంచి యజమాని చావు కూడా అంతే ప్రమాదం. దొరకు జబ్బు చేస్తే పాకల్లో కమ్ముకునే భయం అదే.

▌సవానా వేలం
▌మేజర్ పియర్స్ బట్లర్ ఆస్తి మనవలిద్దరికి దక్కింది. వాళ్ళలో ఒకడు జూదంలో, వ్యాపారంలో పోగొట్టుకున్నాడు. అప్పులు తీర్చడానికి 1859 మార్చి 2, 3 తేదీల్లో జార్జియాలోని సవానాలో 429 మందిని అమ్మారు. వచ్చిన మొత్తం 3,03,850 డాలర్లు. ఆ రెండు రోజులూ వాన కురిసింది. దాన్ని అక్కడివాళ్ళు ఏడుపుల వేళగా చెప్పుకున్నారు.

ఆ కాలం అలాంటిదనే మాట

ఇప్పటి విలువలతో అప్పటివాళ్ళను తూచకూడదని ఒక అభ్యంతరం ఉంది. తోసిపుచ్చదగ్గది కాదు. అయితే ఏ విలువలు ఆ కాలానివో ముందు చూడాలి. వర్జీనియాలో 1723 నుంచి స్వేచ్ఛ ఇవ్వాలంటే గవర్నరు, ఆయన సలహామండలి అనుమతి కావాల్సి వచ్చేది. 1782లో ఆ అడ్డు తీసేశారు. దస్తావేజుతోనో వీలునామాతోనో ఎవరైనా విడిచిపెట్టవచ్చు. వేలమంది ఆ అవకాశాన్ని వాడుకోబట్టే అక్కడి స్వతంత్ర నల్లజాతీయుల సంఖ్య 1810 నాటికి 30 వేలు దాటింది. రాబర్ట్ కార్టర్ అనే భూస్వామి, వాషింగ్టన్‌కి పొరుగు ప్రాంతంవాడే, 1791లో దాదాపు 500 మందిని విడతలవారీగా విడిచిపెట్టే దస్తావేజును కోర్టులో దాఖలు చేశాడు. తన చావు కోసం వాళ్ళను కాచుకుని ఉండమనలేదు. ఇరుగుపొరుగు మండిపడ్డా వెనక్కి తగ్గలేదు. కాబట్టి చేయదగ్గదేమిటో ఆ కాలానికి తెలుసు. చేసినవాళ్ళు వాళ్ళ కళ్ళెదుటే ఉన్నారు. 1806లో చట్టాన్ని మళ్ళీ బిగించి, స్వేచ్ఛ పొందినవాడు 12 నెలల్లో రాష్ట్రం విడిచిపోవాలన్నారు. భార్యాబిడ్డలు బానిసలుగా ఉన్నవాడికి స్వేచ్ఛ అంటే వాళ్ళను వదిలిపోవడమే అయింది.

చాలామంది తెల్లవాళ్ళకు బానిసలే లేరు కదా అని ఇంకో మాట. 1860 జనాభా లెక్కల్లో, అమెరికా నుంచి విడిపోయిన 11 రాష్ట్రాల్లో దాదాపు మూడింట ఒక కుటుంబానికి బానిసలున్నారు. మిగిలినవాళ్ళలోనూ అద్దెకు తెచ్చుకున్నవాళ్ళు, అత్తగారి తదనంతరం వాటా వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్ళు ఉన్నారు. ఆ లెక్కలోకి వాళ్ళు రారు. ఇక వీలునామాలతో నిజంగానే స్వేచ్ఛ వచ్చిన మాట ఒప్పుకోవాలి. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వర్జీనియా రాజకీయ నాయకుడు జాన్ రాండాల్ఫ్ 1833లో చనిపోతే, ఆయన 383 మందికి స్వేచ్ఛ ఇచ్చిన వీలునామా మీద బంధువులు 13 ఏళ్ళు వ్యాజ్యం నడిపారు. చివరికి 1846లో ఆ విడుదలైనవాళ్ళు ఒహాయోకి బయలుదేరారు. అక్కడ వాళ్ళకోసం కొన్న భూమిలో అడుగు పెట్టనీయకుండా స్థానిక తెల్లవాళ్ళు తరిమేశారు. ఆ భూమి వాళ్ళకు ఎన్నడూ దక్కలేదు.

ఉత్తరాది చేతులూ శుభ్రంగా లేవు. మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో ఐజాక్ రాయల్ కుటుంబం ఆంటిగ్వా చెరకు తోటలతో సంపన్నమైంది. 1781లో చనిపోయిన రాయల్ వీలునామా ద్వారా హార్వర్డ్‌కి భూములిచ్చాడు. ఆ సొమ్ముతోనే అక్కడ తొలి న్యాయశాస్త్ర ఆచార్య పదవి ఏర్పడింది. ఆ ఇంట్లో జీవితమంతా ఊడిగం చేసిన బెలిండా, తన శ్రమతో పెరిగిన ఆస్తిలో తనకూ భాగముందని 1783లో శాసనసభకు అర్జీ పెట్టుకుంది. ఏటా 15 పౌండ్ల 12 షిల్లింగుల భత్యం మంజూరైంది. అది సరిగా రాక ఆమె మళ్ళీ మళ్ళీ అర్జీలు పెట్టాల్సి వచ్చింది. 2016లో హార్వర్డ్ లా స్కూల్ రాయల్ కుటుంబ చిహ్నమున్న తన ముద్రను తొలగించింది.

పేర్లు దొరికే చోటు

1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు. అంతే. ఎక్కువమంది నల్లజాతి అమెరికన్లు పేరుతో కనిపించే తొలి జాతీయ లెక్క 1870ది. అంతకు ముందు ముత్తాత ఎవరో, ముత్తవ్వ ఎక్కడ పుట్టిందో వెతకాలంటే వాళ్ళను పంచుకున్న వీలునామాలు, ఆస్తి జాబితాలు తెరవక తప్పదు. ఈ కాగితాల్ని ప్రదర్శనల్లోంచి తప్పించాలనేవాళ్ళు గుర్తించాల్సింది ఇదే: ఇవి ఒక దేశాన్ని నిందించడానికి తయారైన పత్రాలు కావు, లక్షల కుటుంబాలకు మిగిలిన దాదాపు ఏకైక వంశావళి.

వాషింగ్టన్ వీలునామా అసలు ప్రతి మౌంట్ వెర్నన్ ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ కోర్టులోనే ఉంది. ఆ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు వాషింగ్టన్ ఇల్లు చూపించడం వాళ్ళకు మామూలే. వెళ్ళినప్పుడు భవనంతో సరిపెట్టకండి. సమాధికి దగ్గర్లోనే ఉన్న బానిసల శ్మశానం దాకా నడవండి, క్రిస్టఫర్ షీల్స్ ఎవరని గైడును అడగండి. చదువుకున్న పిల్లలున్న ఇళ్ళకు ఇంకో పని కూడా ఉంది. వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయం ‘వర్జీనియా అన్‌టోల్డ్’ పేరుతో ఇలాంటి పాత కోర్టు కాగితాలను ఆన్‌లైన్‌లో పెట్టి, చేతిరాతను చదివి టైపు చేసే స్వచ్ఛంద సేవకుల సాయం తీసుకుంటోంది. ఇంగ్లీషు చదవగలిగి, కాస్త ఓపిక ఉన్నవాళ్ళెవరైనా అందులో చేయి వేయవచ్చు.